నికోలాస్ కర్ర తట్టలేదు

గడ్డి తడిగా ఉంటే మోయలేరు, మరీ ఎండిపోతే నాలుగు అడుగులు వేసేసరికి రాలిపోతుంది. క్విరిన్ ఆషావర్ ఒక్కో కట్టనూ గుప్పిట్లో నలిపి చూసి, నచ్చనిదాన్ని ఆవుల ముందుకు విసురుతున్నాడు. పొద్దున మ్యూనిక్ శాసనసభలో వ్యవసాయ మంత్రిని నిలబెట్టి దులిపేసి వచ్చిన మనిషి, కొండ రైతుల పార్టీకి రాష్ట్రం మొత్తానికి పెద్ద, ఇప్పుడు సొంత లోయలో ఒక పశువుల కొట్టంలో మోకాళ్ల మీద కూర్చుని పెళ్లికాని కుర్రాళ్ల నడుములకు గడ్డి చుట్టి పురికొసతో బిగిస్తున్నాడు. డిసెంబరులో ఈ ఒక్క సాయంత్రం అతను నాయకుడు కాదు, పునీత నికోలాస్. ఓట్ల కోసం వేసే వేషమని పట్నం పత్రికలు రాస్తాయి. అందులో అబద్ధమేమీ లేదు. ఓట్లు లేకపోయినా వేసేవాడన్నది మాత్రం వాళ్లు రాయరు.

గడ్డి మనుషులకు నడుము వెనక పెద్ద ఆవు గంటలు కట్టాలి. క్రాంపుస్‌లకు, అంటే నికోలాస్ వెంట తిరిగే దయ్యాల వేషాలకు, మేక తోళ్లు, కొమ్ముల ముసుగులు, చేతిలో బెత్తాలు. చీకటి పడగానే జట్టంతా ఇల్లిల్లూ తిరుగుతుంది. నికోలాస్ పిల్లలకు ఆపిల్ పళ్లూ అక్రోట్లూ ఇచ్చి బుద్ధులు చెబుతాడు. క్రాంపుస్‌లు పెద్దవాళ్లను వాకిట్లోకి లాగి మంచులో దొర్లించి కాళ్ల మీద నాలుగు తగిలిస్తారు. దెబ్బలు తిన్నవాళ్లు మర్నాడు బీరు దుకాణంలో వాతలు చూపించుకుని మురిసిపోతారు. ముసుగు కింద ఎవడున్నాడో తెలిసినా పేరు పలకకూడదు, ఆ రోజే కాదు, ఎన్నడూ. నికోలాస్ తన చేతికర్ర గడప మీద తట్టాడంటే ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగాలి. ఆ జట్టులో ఎవడేం చేసినా జవాబుదారు నికోలాసే, ఆ మాట క్విరిన్ అందరికీ ముందే చెప్పాడు.

"కొంచెం వదులు చేస్తారా అండీ? ఊపిరాడటం లేదు," అన్నాడు రోనీ పెట్సోల్డ్. తూర్పున సాక్సనీ నుంచి వచ్చి, కొండమీదికి మనుషుల్ని మోసే తీగ బండ్లు బాగుచేసే మెకానిక్కు. ఏడేళ్లుగా అడుగుతుంటే ఈ ఏడు జట్టులోకి రానిచ్చారు.

"ఒరే సాక్సన్," అన్నాడు కోర్బి, "కొండమీద 'అండీ'లు లేవని ఎన్నిసార్లు చెప్పాలి? ఇంత ఎత్తుకొచ్చాక పోపుగారైనా 'నువ్వే'."

అందరూ నవ్వారు. రోనీ కూడా నవ్వాడు, అందరికంటే ఒక క్షణం ఎక్కువగా నవ్వాడు.

కోర్బి గొర్రెల రైతు, పార్టీ యువజన విభాగానికి జిల్లా నాయకుడు. మెలితిరిగిన పొట్టేలు కొమ్ముల ముసుగు వాడిది. దాన్ని ఒళ్లో పెట్టుకుని లోపలి తోలు పట్టీకి కొవ్వు రాస్తూ అడిగాడు. "క్విరిన్ మామా, అయ్యవారి ఇంటికి కూడా పోతున్నామా?"

"గుమ్మం మీద దీపం ఉంటే పోతాం. లేకపోతే దాటిపోతాం."

"పెడతాడు. సిగ్గుంటే గదా పెట్టకుండా ఉండటానికి. నా గొర్రెల పేగులు కంచె మీద ఆరేసినట్టు వేలాడుతుంటే, జిల్లా మండలిలో కూర్చుని తోడేలును కాల్చొద్దని చెయ్యెత్తాడు. ఆయన ఒక్కడు ఎత్తకపోతే ఈపాటికి దాని చర్మం నా గోడకుండేది. నువ్వే అన్నావుగా, తోడేలుకు మన లోయలో చుట్టం ఉన్నాడని."

"బీరు పందిట్లో అన్న మాట బీరు పందిట్లోనే వదిలెయ్యి," అన్నాడు క్విరిన్. అన్నాడే గానీ, ఆ మాటకు కొట్టమంతా ఘొల్లుమంటే తనకూ నవ్వొచ్చింది. మంచి మాట పడినప్పుడు దాన్ని వదులుకునే నాయకుడు ఎక్కడా ఉండడు.

ముసుగులు పెట్టేముందు అందరూ గడ్డి గరగరలాడుతుండగా మోకాళ్లూని పరలోక జపం చెప్పారు. క్విరిన్ పీఠాధిపతి కిరీటం పెట్టుకుని, తెల్లగడ్డం తగిలించుకుని, వాళ్ల తలల మీద పవిత్ర జలం చిలకరించాడు. ఒక్కొక్కడి ముసుగు పట్టీ తనే బిగించాడు. రోనీకి బిగిస్తుంటే వాడి చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"భయమా?" అని అడిగాడు.

"కాదు. సంతోషం," అన్నాడు రోనీ.

ఇగ్నాజ్ రెనోట్ ఇంటి గుమ్మం మీద దీపం వెలుగుతూనే ఉంది. తలుపు తీసింది కూడా ఇగ్నాజే. బడిలో క్విరిన్‌తో ఒకే బల్ల మీద కూర్చున్నవాడు, ఇప్పుడు ఆ బడికే అయ్యవారు, ఈ వసంతం దాకా ఒకే పార్టీలో ఉన్నవాడు. ఇద్దరికీ మాటల్లేక ఆరు నెలలు దాటింది.

"రావయ్యా పునీతుడా," అన్నాడు ఇగ్నాజ్. "బూట్లు దులుపుకో. వాల్లి ఇప్పుడే తుడిచింది. నన్ను తంతే తన్నారు గానీ నేల పాడుచేస్తే నీ కిరీటం కూడా నిన్ను కాపాడదు."

లోపల పొయ్యి వేడికి కిటికీ అద్దాలు చెమరించి ఉన్నాయి. బల్ల వెనక ఇగ్నాజ్ భార్య వాల్లి, ఆమె ఒళ్లో కూతురు సెన్సి. పిల్ల లేచి నిలబడి చేతులు కట్టుకుని ప్రార్థన ఒప్పజెప్పింది. మధ్యలో మర్చిపోయి తండ్రి వైపు చూసింది. తండ్రి పెదవులు కదిపి అందించాడు. క్విరిన్ గొంతు మార్చి, పళ్లు తోముకోవాలనీ, పిల్లి తోక లాగకూడదనీ చెప్పి ఆపిల్ ఇచ్చాడు. ఒక ఏడాదిలో అన్ని సభల్లో అన్ని మాటలు మాట్లాడతాడు, ఇంత ఇష్టంగా ఎక్కడా మాట్లాడడు.

ఇక క్రాంపుస్‌లు బల్ల లాగేశారు. ఇగ్నాజ్ తనంతట తనే లేచి, కళ్లజోడు తీసి మడిచి వాల్లి చేతికిచ్చాడు. "పగిలితే మళ్లీ పట్నం పోవాలి," అన్నాడు. వాళ్లు రెండు చేతులూ పట్టుకుని ఈడ్చుకుపోతుంటే నవ్వుతూనే వెళ్లాడు.

వాకిట్లో గంటలు హోరెత్తాయి. ఇగ్నాజ్‌ను మంచులో బోర్లా పడేసి పిక్కల మీద బెత్తాలతో బాదారు. ఏటా చేసేదే. క్విరిన్ గడప రాయి మీద నిలబడ్డాడు, పక్కన తలుపు పట్టుకుని వాల్లి. ఇగ్నాజ్ లేవబోయాడు. పొట్టేలు కొమ్ముల ముసుగువాడు చేతిలో బెత్తం అవతల పారేసి, వెనక్కి ఒక అడుగు వేసి, బూటుతో డొక్కలో తన్నాడు.

మేకుల బూటు. కొండ ఎక్కేవాళ్లు వేసుకునేది.

ఇగ్నాజ్ నోటి నుంచి వచ్చిన చప్పుడు నవ్వు కాదు. రెండో తన్ను అదే చోట పడింది. ముసుగువాడు పక్కనున్న గడ్డి మనిషి నడుము నుంచి ఒక గంట లాగి, దాని పట్టీ చేతికి చుట్టుకుని, ఇనప అంచు మొహం మీద పడేటట్టు విసిరి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. గంట మోగలేదు. తడి నేల మీద మొద్దు పడినట్టు చప్పుడైంది. మిగతావాళ్లు ఇది ఆటలో భాగమో కాదో తేలక గెంతుతూనే ఉన్నారు.

క్విరిన్‌కు మాత్రం తేలిపోయింది. మొదటి తన్నుకే తేలింది. కర్ర చేతిలో ఉంది, కింద రాయి ఉంది, తట్టడానికి మణికట్టు కదిపితే చాలు. కదపలేదు. మండలిలో ఎత్తిన ఆ చెయ్యి గుర్తొచ్చింది. పార్టీ వదిలిపోతూ నలుగురిలో ఇగ్నాజ్ అన్న మాట గుర్తొచ్చింది: "క్విరిన్‌కు గొర్రెలు అక్కర్లేదు, గొర్రెల ఏడుపు కావాలి." రొమ్ములో ఏదో వెచ్చగా విచ్చుకుంది. పడనీ, అనుకున్నాడు. ఇంకొక్కటి పడనీ.

ఒక గడ్డి మనిషి పరుగెత్తుకొచ్చి ఇగ్నాజ్ మీద అడ్డంగా పడ్డాడు. తరువాతి దెబ్బ వాడి భుజం మీద పడింది. ముసుగువాడు వాణ్ని కాలితో పక్కకు దొర్లించి మళ్లీ గంట ఎత్తాడు.

"క్విరిన్!" అంది వాల్లి. వేషంలో ఉన్న నికోలాస్‌ను ఆ లోయలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఆమె పిలిచింది. "చూస్తా నిలబడ్డావేంట్రా, ఆయన్ని చంపేస్తున్నారు."

అప్పుడు తట్టాడు. గడప రాయి ఖంగుమంది. గంటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఇగ్నాజ్ వెల్లకిలా తిరిగాడు. ఎడమ కన్ను ఉండవలసిన చోట ఎర్రగా ఏదో ఉంది. అడ్డం పడిన గడ్డి మనిషి అతని తల ఒళ్లోకి తీసుకుని, గడ్డి పీకి రక్తానికి అదుముతున్నాడు. ఆ ఎర్రటి చెవులు చూడనవసరం లేకుండానే అది రోనీ అని క్విరిన్‌కు తెలుసు. అందరి పట్టీలూ బిగించింది తనే.

మర్నాడు పొద్దున బీరు దుకాణంలో జట్టంతా చేరింది. ఎవరూ వాతలు చూపించుకోలేదు. పార్టీ కార్యదర్శి హెడ్విగ్ మ్యూనిక్ నుంచి తెల్లారకముందే బయల్దేరి వచ్చింది. కోటు కూడా విప్పకుండా, చల్లారిన కాఫీ ముందు పెట్టుకుని కూర్చుంది.

"కన్ను పోయింది," అంది. "ప్లీహం తీసేశారు. బతుకుతాడు. ఆదివారం మహాసభ. నిన్ను మళ్లీ అధ్యక్షుణ్ని చేసి, వచ్చే ఎన్నికల్లో ముందు వరసలో నిలబెట్టాలి. ఈసారి మనం లేకుండా ఎవడూ ప్రభుత్వం ఏర్పాటు చెయ్యలేడు క్విరిన్. ఇప్పుడు చెప్పు. కర్ర తట్టావా?"

"తట్టాను."

"ఎప్పుడు?"

అతను కాఫీ వైపు చూశాడు.

"సరే. ఎక్కడ నిలబడ్డావు? గడప మీదా, మంచులోనా?"

"గడప మీద."

"మంచులో అయితే బాగుంటుంది," అంది హెడ్విగ్. "మెత్తటి మంచు. నువ్వు ముందే తట్టావు, చప్పుడు మింగేసింది. గడప మీదికొచ్చి మళ్లీ తట్టావు, అప్పుడు వినబడింది. అంతే గదా జరిగింది?"

పదకొండు గంటలకు పోలీసు ఇన్స్పెక్టర్ ఒక యువతి వచ్చి అడిగినప్పుడు క్విరిన్ అదే చెప్పాడు. మంచు సంగతి చెబుతుంటే తన గొంతు సభలో ఉన్నంత నిబ్బరంగా ఉండటం తనకే వింతగా తోచింది.

"కొట్టిందెవరు?" అని ఆమె బల్లల వైపు తిరిగింది.

ఎవరూ మాట్లాడలేదు. ముసుగు కింది పేరు చెప్పకూడదు.

"రక్తం ఒకడి గడ్డి నిండా ఉంది. అది మాకు దొరికింది," అంది ఇన్స్పెక్టర్. "పెట్సోల్డ్‌ది. అతనూ నోరు విప్పడం లేదు."

కోర్బి గ్లాసు అంచు మీద వేలు తిప్పుతూ, ఎవరితోనూ కాదన్నట్టుగా అన్నాడు. "మాలో పుట్టి పెరిగినోడికి చెయ్యి ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. బయటోళ్లకు కొలత తెలీదు. రానివ్వకుండా ఉండాల్సింది."

రెండు మూడు తలలు ఊగాయి. మరికొన్ని ఊగాయి. పేరు చెప్పలేదు కదా, ఎవరి నియమం తప్పలేదు. ఇన్స్పెక్టర్ క్విరిన్ మొహం చూసింది. ఆ మొహంలో ఏమీ కనబడక, టోపీ పెట్టుకుని వెళ్లిపోయింది. సాయంత్రానికి రోనీని రిమాండుకు పంపారు.

శుక్రవారం క్విరిన్ జైలుకు పోయాడు. శాసనసభ్యుడు కాబట్టి లోపలికి రానిచ్చారు. రోనీ చేతులకు ఇంకా తీగ బండ్ల నూనె మరకలు పోలేదు. భుజం మీద గంట దెబ్బకు నల్లగా కమిలి ఉంది, చొక్కా కాలరు పక్కనుంచి కనబడుతోంది.

"వకీలుతో ఆ భుజం సంగతి చెప్పావా?"

"లేదు."

"ఎందుకు? అడ్డం పడ్డవాడికే ఆ దెబ్బ తగులుతుంది. నువ్వు కొట్టలేదని అదే సాక్ష్యం."

"అప్పుడు ఎవరు కొట్టారని అడుగుతారు," అన్నాడు రోనీ. "ఏడేళ్లు. మంచు తుపాన్లో మీ అందర్నీ కిందికి దించాను. మీ పెళ్లిళ్లకు బల్లలు మోశాను. ఎవరూ జట్టులోకి రమ్మనలేదు. ఈసారి రమ్మన్నారు. రమ్మన్న మర్నాడే పేరు చెప్పానంటే, సాక్సన్‌గాడు సాక్సన్‌గాడే అంటారు. నిజమే అంటారు."

"జైల్లో కూర్చుంటావా దానికోసం?"

రోనీ తల ఎత్తాడు. మొదటిసారిగా 'అండీ' లేకుండా మాట్లాడాడు.

"నువ్వు చెప్పొచ్చు. నికోలాస్‌కు ముసుగు లేదు. జట్టుకు జవాబుదారు నువ్వేనని కొట్టంలో నువ్వే చెప్పావు."

క్విరిన్ లేచి కోటు గుండీలు పెట్టుకున్నాడు. ఒక గుండీ తప్పు కన్నంలో పడింది. కారు దాకా వెళ్లాక గానీ చూసుకోలేదు.

శనివారం ఆస్పత్రికి పోయాడు. నడవాలో వాల్లి కూర్చుని పిల్ల మేజోడు కుడుతోంది. అతన్ని చూసి సూది ఆపింది, లేవలేదు.

"పువ్వులు తెచ్చావా? మంచిది. ఫొటో తీసేవాడేడీ?"

"ఎవరూ రాలేదు వాల్లీ."

"సెన్సి ఆ రాత్రినుంచి ఆ ఆపిల్ తినటం లేదు. పారెయ్యనూ పారెయ్యనివ్వదు. పునీతుడు ఎందుకు ఊరుకున్నాడమ్మా అని ఒకటే అడుగుడు. నువ్వే పోయి చెప్పు దానికి, మంచు మెత్తగా ఉందని."

అతను లోపలికి వెళ్లాడు. ఇగ్నాజ్ తల సగం కట్టుతో ఉంది. మిగిలిన కన్ను తలుపు తెరుచుకోగానే అటు తిరిగింది. మొహమంతా పసుపూ ఊదా రంగుల్లో ఉబ్బి ఉంది. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల దగ్గర చెయ్యి అదుముకుంటున్నాడు.

"కూర్చో. కిరీటం లేకపోతే పొట్టిగా ఉన్నావురా," అన్నాడు ఇగ్నాజ్.

క్విరిన్ కూర్చున్నాడు. "నేను తట్టాను ఇగ్నాజ్. మంచు..."

"నా మీద ప్రయోగించకు ఆ మంచు." మాట మాటకూ ఆగుతూ మాట్లాడాడు. "రెండో తన్నుకు పక్కకు తిరిగి నీ వంక చూశాను. అప్పుడు నాకు రెండు కళ్లూ ఉన్నాయి. కళ్లజోడు లేకపోయినా అంత దూరం కనబడుతుంది. నువ్వు రాయి మీదున్నావు. కర్ర చేతిలో ఉంది. నీ మొహం కూడా కనబడింది."

క్విరిన్ కిటికీ వైపు తిరిగాడు.

"కొట్టినోడి మీద నాకు కోపం లేదనను. వాడి గొర్రెలు పోయాయి, వాడికి పిచ్చెత్తింది, అంతకంటే వాడి బుర్రలో పట్టదు. నీ సంగతి వేరు. దీపం ఎందుకు పెట్టానో తెలుసా? వద్దంది వాల్లి. వచ్చేది క్విరిన్ కదా, కర్ర వాడి చేతిలో ఉంటుంది కదా అన్నాను."

"ఏం చెయ్యమంటావు నన్ను?"

"ఆ సాక్సన్ కుర్రాడు నా మీద పడుకున్నాడు. పోలీసులకు చెప్పాను, చీకట్లో ముసుగు కింద ఎవడో నీకెలా తెలుసన్నారు. వాడి గుండె కొట్టుకోవటం నా వీపుకు తెలిసింది. వాణ్ని జైల్లో పెట్టించి నువ్వు రేపు వేదిక ఎక్కుతావు." ఇగ్నాజ్ ఊపిరి కోసం ఆగాడు. "ఎక్కు. ఎక్కి నిజం చెప్పు. అందరి ముందూ. నాకు ఇంకేం వద్దు. కోర్టు వద్దు, పరిహారం వద్దు. నీ నోటితో నువ్వు చెప్పు, చూశాను, ఆపలేదు అని."

"చెబితే ఈ జన్మకు మళ్లీ నన్ను ఎవడూ ఎన్నుకోడు."

"ఔను," అన్నాడు ఇగ్నాజ్. "నువ్వు చెప్పాల్సింది అందుకే."

క్విరిన్ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. తెల్లవారి గడ్డం గీసుకుంటుంటే చెయ్యి స్థిరంగా ఉంది. నిర్ణయం అయిపోయింది. ఇన్నేళ్లలో ఏ ఎన్నిక గెలిచినా దక్కని తేలిక ఒకటి ఒంట్లో తిరుగుతోంది. పోతే పోయింది, మళ్లీ ఆవులు పితుక్కుంటాను, సెన్సి కళ్లలోకి చూడగలుగుతాను అనుకున్నాడు.

మహాసభ పశువులు వేలం వేసే హాల్లో. ఎంత కడిగినా నేల నుంచి పేడ వాసనా ఫినైలు వాసనా కలిసి వస్తూనే ఉన్నాయి. బల్లల మీద తెల్ల సాసేజీలు, తియ్యటి ఆవాల ముద్ద, బీరు. వేదిక పక్కన తోలు నిక్కర్లతో బాకాల బృందం. ప్రతినిధులు కొండల నుంచి, లోయల నుంచి పండగ బట్టల్లో దిగారు. వెనక గోడ దగ్గర మామూలు బట్టల్లో ఇన్స్పెక్టర్ నిలబడి ఉంది.

"కాగితంలో ఉన్నది చదువు చాలు," అంది హెడ్విగ్ అతని చొక్కా కాలరు సర్దుతూ. "తోడేలు, పాల ధర, తల్లిభూమి. ఇగ్నాజ్ త్వరగా కోలుకోవాలని ఒక్క వాక్యం. దిగిపో."

క్విరిన్ మైకు ముందు నిలబడి కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పాల ధర గురించి మాట్లాడను," అన్నాడు. "బుధవారం ఇగ్నాజ్ రెనోట్ ఇంటి ముందు ఏం జరిగిందో చెబుతాను. రోనీ పెట్సోల్డ్ కొట్టలేదు. కొడుతుంటే అడ్డం పడ్డాడు, వాడి భుజం చూస్తే తెలుస్తుంది. కొట్టింది మనవాడు. ఇక్కడ పుట్టినవాడు, ఈ హాల్లోనే ఉన్నాడు. పేరు నేను చెప్పను, వాడే చెప్పాలి."

బీరు గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. హెడ్విగ్ కళ్లు మూసుకుంది.

"పోలీసులకు మంచు కథ చెప్పాను. అబద్ధం. నేను రాయి మీద నిలబడ్డాను. కర్ర తట్టి ఉంటే మొదటి తన్నుకే ఆగేది. తట్టలేదు. ఎందుకు తట్టలేదంటే, పడనీ అనిపించింది. మీకు అర్థమవుతోందా? నా స్నేహితుడి కన్ను పోతుంటే నాకు బాగుంది. వాడి కూతురు లోపలుంది. నేను చూస్తూ నిలబడ్డాను. నాలాంటివాడి చేతిలో ఏదీ పెట్టకండి. నాకు ఓటెయ్యకండి."

ఎవరో దగ్గారు. రాయి ఎవరు ముందు విసురుతారా అని చూసేవాడిలా క్విరిన్ బల్లల వెంట చూపు నడిపించాడు.

వెనక బల్లలో ఒక ముసలాయన లేచాడు. చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టాడు, నిదానంగా, ఒక్కొక్కటిగా. పక్కనతను లేచాడు. ఆ బల్లంతా లేచింది. మధ్య బల్లలు లేచాయి. కుర్చీలు వెనక్కి పడ్డాయి, బూట్లు నేలను తన్నాయి, గ్లాసులు బల్లల మీద దడదడలాడాయి.

కోర్బి కుర్చీ ఎక్కి చెయ్యెత్తాడు. "నేనే," అని అరిచాడు. వాడి కళ్లలో నీళ్లున్నాయి. వాణ్ని కిందికి దిగనివ్వలేదు, భుజాల మీదికి ఎత్తుకున్నారు.

"కూర్చోండి," అన్నాడు క్విరిన్ మైకులో. "మీరు నా మాట వినలేదు. నేను చెప్పింది అది కాదు."

ఉపన్యాసం అయిపోయిందనుకుని బాకాల బృందం గట్టిగా కవాతు పాట ఎత్తుకుంది. అతని మాటలు అందులో కలిసిపోయాయి. ఇన్స్పెక్టర్ జనాన్ని తోసుకుంటూ కోర్బి వైపు నడుస్తోంది. ఆమెకు దారి ఇస్తున్నారు, ఇస్తూనే ఆమె వీపు వెనక వాడికి గ్లాసులు ఎత్తుతున్నారు. సాయంత్రానికి రోనీని వదిలేస్తారని క్విరిన్‌కు తెలుసు. తను చేయాలనుకున్నది అయిపోయింది. అయినా ఎక్కడా ఏదీ కూలలేదు.

రహస్య ఓటుకు పెట్టెలు తిరిగాయి. లెక్కపెడుతున్నంతసేపూ వేదిక మెట్ల దగ్గర వరస కట్టి అతని చెయ్యి పట్టుకుని ఊపారు. ఒక పండు ముసలమ్మ, వెండి గుండీల నల్ల గౌను, ఇంట్లో చేసిన ఎండుపళ్ల రొట్టె గుడ్డలో చుట్టి తెచ్చింది. మనవణ్ని చూసినట్టు చూసింది.

"ముప్పై ఏళ్లుగా ఓటేస్తున్నా నాయనా," అంది. "అందరూ వేదిక ఎక్కి కొడతాం, చీలుస్తాం అంటారు. దిగాక మర్చిపోతారు. నువ్వొక్కడివే చేసినోడివి. చేశానని చెప్పుకున్నోడివి. రొట్టె మెత్తగా ఉంది, ఇవాళే తినెయ్యి."

అతను రొట్టె తీసుకున్నాడు. ఇంకా వెచ్చగా ఉంది.

హెడ్విగ్ చేతిలో చీటీ పట్టుకుని వచ్చింది. ఆమె మొహం తెల్లగా పాలిపోయి, నవ్వుతోంది. "ఇంత ఎప్పుడూ రాలేదు," అంది చెవిలో. "ఏ నాయకుడికీ రాలేదు. ఇక మ్యూనిక్‌లో నీ మాట కాదనేవాడు లేడు. నువ్వు ఇది ముందే అనుకున్నావా? నాకు చెప్పాల్సింది కదా."

"లేదు," అన్నాడు క్విరిన్. తన మాట తనకే బలహీనంగా వినబడింది.

సభాధ్యక్షుడు గంట కొట్టి ఫలితం చదివాడు. హాలు మళ్లీ లేచింది, ఈసారి ఎవరూ అడక్కుండానే నిశ్శబ్దమైంది. నియమం ప్రకారం ఒక ప్రశ్న మిగిలింది. గెలిచినవాడు ఔనంటేనే అది గెలుపు. కాదంటే అక్కడితో అయిపోతుంది, ఎవరూ బలవంతం చెయ్యలేరు.

"క్విరిన్ ఆషావర్, ఈ ఎన్నికను స్వీకరిస్తున్నారా?"

కాదని చెప్పడానికే అతను మైకు దగ్గరికి వెళ్లాడు. ఆ మాట నాలుక మీదే ఉంది. ముందు వరస నుంచి గోడ దాకా ఎత్తిన మొహాలు, ఒక్కటీ అటూ ఇటూ కదలడం లేదు. ఇంతమంది ఇంత ప్రేమగా అతన్ని ఎన్నడూ చూడలేదు. ఒక్క క్షణం చూసుకుందామనుకున్నాడు. ఆ తరువాత చెప్పవచ్చు.

"స్వీకరిస్తున్నాను," అన్నాడు.